ఒడిశా సరిహద్దు పట్టణం పర్లాకిమిడిలో యాంటెనాకి హైదరాబాద్ దూరదర్శన్ తెలుగు వార్తలు ఎందుకు అందేవి కావు?

రిలే టవర్ ఏ రాష్ట్రంలో ఉంటే ప్రాంతీయ వార్తలు ఆ రాష్ట్ర కేంద్రానివే వచ్చేవి. చూసేవాళ్ల భాషతో సంబంధం లేదు. చిన్న టవర్ శక్తి 100 వాట్లు ఉండేది, సిగ్నల్ అందేది సుమారు 15-20 కిలోమీటర్లే. అది సొంతంగా ఏమీ తయారుచేసేది కాదు. ఢిల్లీ కార్యక్రమాలను, ప్రాంతీయ వేళ కాగానే సొంత రాష్ట్ర కేంద్రానివి ఉపగ్రహం నుంచి అందుకుని మళ్లీ వదిలేది. అందుకే పర్లాకిమిడిలో ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, ఒడిశా టవర్ పట్టిన టీవీలో ఒడియా వార్తలే. పక్కనే పాతపట్నం వైపు, ఆంధ్ర టవర్ అందిన ఇళ్లకు తెలుగు వచ్చేది.

యాంటెనాని హైదరాబాద్ వైపు తిప్పితే చాలనుకునేవారు చాలామంది. అది 600 కిలోమీటర్ల పైమాటే. ఈ తరంగాలు దాదాపు చూపుమేరే నేరుగా సాగుతాయి. భూమి వంపు, తూర్పు కనుమలు అడ్డం. గొట్టం ఎంత ఎత్తు పెంచినా లాభం ఉండదు. ఇప్పుడైతే దూరదర్శన్ వారి ఉచిత డిష్ సేవ ఫ్రీ డిష్‌లో, దూరదర్శన్ తెలుగు ఛానళ్లు సప్తగిరి, యాదగిరి రెండూ వస్తాయి.