ఎగ్జిట్ 353 గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. టెక్సాస్‌లోని ఐ-35 హైవే మార్పుల మీద మూడు పేజీలు, అక్కడి చెక్ తీపి రొట్టె కొలాచీ పేరు మీద జరిగే వాదన గురించి రెండు పేజీలు, మధ్యలో "ఇక తిండి సంగతికొస్తే" అని ఒక వాక్యం. సరిగ్గా ఆ వాక్యం దగ్గరే వ్యాసం రెండు ముక్కలైంది. అవి రెండు విషయాలు కావమ్మా. వెస్ట్ అనే ఆ ఊళ్ళో మూడు వేల మంది కూడా ఉండరు. డల్లాస్, ఆస్టిన్ మధ్య తిరిగే కార్లు 353వ ఎగ్జిట్ దగ్గర హైవే దిగుతున్నాయి కాబట్టే 1983లో పెట్టిన చెక్ స్టాప్ అనే బేకరీ ఇన్నేళ్ళుగా నడుస్తోంది. హైవే దిగే వాలుదారి, అంటే ర్యాంపు, ఎక్కడ దిగుతుందన్న దాన్ని బట్టే అక్కడ రోజుకి ఎంత పిండి కలపాలో తేలుతుంది. వ్యాసం మొత్తాన్ని ఈ ఒక్క సంగతి చుట్టూ తిప్పి మళ్ళీ రాయి.

ముందు ఊరి పేరు చూడు. నువ్వు "వెస్ట్ టెక్సాస్‌లో" అని రాశావు. ఇంగ్లీషులో ఆ రెండు మాటల మధ్య కామా ఉంటుంది. తెలుగులో అది ఎగిరిపోయేసరికి చదివేవాళ్ళు ఎల్ పాసో వైపు ఎడారి అనుకుంటారు. ఈ ఊరు రాష్ట్రం నడిమధ్యన, వేకోకి ఉత్తరాన సుమారు ఇరవై మైళ్ళలో ఉంది. ఇంకొంచెం పైకి వెళ్తే హిల్స్‌బరో దగ్గర రోడ్డు చీలి 35ఈ డల్లాస్‌కీ, 35డబ్ల్యూ ఫోర్ట్‌వర్త్‌కీ పోతాయి. అంటే ఆ రెండు నగరాల నుంచి దక్షిణానికి వచ్చే బళ్ళన్నీ కలిశాక తగిలే ఊళ్ళలో ఇది మొదటి వరసలో ఉంటుంది. ఈ ఒక్క మాట చెబితే ఆ ఊరికి అంత రద్దీ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. "వెస్ట్ అనే ఊరు" అని మొదటే ఒకసారి స్పష్టంగా రాసేయి.

"వాహనదారులు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు" అన్న వాక్యం మొదటి పేజీలోనే రెండుసార్లుంది. రెండూ కొట్టేయి. ఏ బండి, ఎటు పోవాలనుకుంది, ఎటు పోవాల్సి వచ్చింది, ఎన్ని మైళ్ళు ఎక్కువైంది అని రాస్తే చాలు. దానికి ముందు రోడ్డు నీకు అర్థం కావాలి, అందుకే ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను.

ఫ్రంటేజ్ రోడ్ అన్న మాటతో నువ్వు చాలా అవస్థపడ్డావు. సర్వీసు రోడ్డు అని రాసేయి. విజయవాడ దారిలో ప్రయాణం చేసిన తెలుగువాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు. (హ్యూస్టన్ వాళ్ళు దీన్నే ఫీడర్ అంటారు. ఎవరైనా ఆ మాట వాడితే అలాగే ఉంచు, మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలుస్తుంది.) ఒక్క తేడా మాత్రం చెప్పాలి. టెక్సాస్ పల్లె ప్రాంతాల్లో ఈ సర్వీసు రోడ్లు చాలాకాలం రెండువైపులా నడిచాయి. హైవే దిగే బండి మంచి వేగం మీద ర్యాంపు మీంచి వస్తుంది, దానికి కింద ఎదురొచ్చే బండి దారివ్వాలి. ఈ పద్ధతి కొత్తవాళ్ళకి తెలీదు. ఇంకా పెద్ద ప్రమాదం మరొకటుంది. ఎదురుగా వచ్చేవాళ్ళు దిగే ర్యాంపుని ఎక్కే ర్యాంపు అనుకుని రాంగ్ రూట్‌లో హైవే మీదికే వెళ్ళిపోవచ్చు. 2010 తర్వాత కొన్నేళ్ళపాటు హిల్స్‌బరో నుంచి సలాడో దాకా హైవేని ఆరు వరుసలకి పెంచే పని సాగింది. అలా పెంచేటప్పుడు ఇంజనీర్లు సర్వీసు రోడ్లని ఒకవైపు దారులుగా మార్చేది ఇందుకే. నీ వ్యాసంలో జనం కోపం ఉంది, ఈ కారణం లేదు. రెండూ పక్కపక్కన పెట్టు.

ఇప్పుడు కోపం లెక్క చూద్దాం. రెండు వంతెనల మధ్య రెండు మైళ్ళ దూరం అనుకో. మొదటి వంతెన దాటాక అర మైలులో కొట్టు, కొట్టు దాటాక ఇంకో అర మైలులో ఒక ఇల్లు. సర్వీసు రోడ్డు రెండువైపులా నడిచినన్నాళ్ళూ ఆ ఇంటావిడ అర మైలు వెనక్కి వచ్చి కొట్లోకి వెళ్ళేది. ఒకవైపు అయ్యాక ముందుకి మైలు పోయి రెండో వంతెన కింద తిరగాలి, అవతలి సర్వీసు రోడ్డు మీద రెండు మైళ్ళు వెనక్కి రావాలి, మొదటి వంతెన కింద మళ్ళీ తిరగాలి, అర మైలు నడపాలి. మొత్తం మూడున్నర మైళ్ళు. గంటకి 45 మైళ్ళ వేగంతో, సిగ్నళ్ళు కలపకుండానే ఐదు నిమిషాలకి దగ్గర. వంతెన దగ్గర విడిగా యూ-టర్న్ వరుస కట్టారా లేదా అన్నది తప్పకుండా కనుక్కో. అది ఉంటే సిగ్నల్ దగ్గర ఆగకుండా తిరగొచ్చు. లేకపోతే రెండు వంతెనల దగ్గరా రెండేసి సిగ్నళ్ళు. నడవలేని పెద్దావిడకి ఈ తేడా చిన్నది కాదు. ఊరివాళ్ళ ఫిర్యాదుల్లో చాలావరకు ఇలాంటివే. హైవే వెడల్పు మీద వాళ్ళకి పేచీ లేదు.

రెండో చిక్కు ర్యాంపుల తారుమారు. దీన్ని బొమ్మ గీయకుండా అర్థం చేసుకోలేవు, కాగితం తీసుకో. పాత పద్ధతిలో అడ్డరోడ్డుకి కాస్త ముందు దిగే ర్యాంపు, అది దాటగానే ఎక్కే ర్యాంపు ఉంటాయి. ఈ ఆకారాన్ని డైమండ్ అంటారు. దీంట్లో ఎక్కే బళ్ళూ, తర్వాతి ఎగ్జిట్‌లో దిగే బళ్ళూ హైవే మీదే ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ర్యాంపుల్ని తారుమారు చేసి, అడ్డరోడ్డు దాటగానే దిగే ర్యాంపూ, తర్వాతి అడ్డరోడ్డుకి ముందు ఎక్కే ర్యాంపూ పెడితే ఆ కోత హైవే మీంచి సర్వీసు రోడ్డుకి మారుతుంది. దీన్ని ఎక్స్ ఆకారం అంటారు. రెండు అడ్డరోడ్ల నడుమ ఉన్న కొట్టుకి ఇది వరం. దిగిన బండి నేరుగా దాని ముందుకే వస్తుంది, డైమండ్‌లో అయితే వెనకటి సిగ్నల్ దాటి రావాలి. అడ్డరోడ్డు మూల మీదున్న కొట్టుకి మాత్రం దెబ్బ. దిగిన బండి మూల దాకా వచ్చేలోపు దారిలో నాలుగు పెట్రోలు బంకులు దాటాలి. కాబట్టి "వ్యాపారులు వ్యతిరేకిస్తున్నారు" అని రాయకు. ఒకే రోడ్డు మీద ఒకరు నష్టపోతే పక్కవారు బాగుపడతారు. ఎవరి కొట్టు ర్యాంపుకి ఏ వైపుందో చూసి, అప్పుడు వాళ్ళ మాట రాయి.

బారికేడ్లు పెట్టి ఆర్నెల్లు పని చెయ్యలేదన్న ఆరోపణని నువ్వు విన్నది విన్నట్టు రాశావు. అక్కడి నేల మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. కొత్త వరుస వెయ్యాలంటే అడుగు మట్టికి సున్నం కలిపి, తడిపి, మాగనిచ్చి, దిమ్మిస కొట్టాలి. వానాకాలంలో ఆ పని ముందుకి సాగదు. దానికి ముందు నీళ్ళ పైపులు, గ్యాసు పైపులు, కేబుళ్ళు పక్కకి జరపాలి. అవి వేర్వేరు సంస్థలవి, ఒకళ్ళు ఆలస్యం చేస్తే అందరూ ఆగుతారు. మనకి ఖాళీగా కనబడే రోజుల్లో జరిగేది ఇదే. అలాగని జనం చెప్పేది అబద్ధం కాదు. పాత గీతలు గీకేసిన చోట వాన పడితే ఆ గీకుడే మెరిసి కొత్త గీతలాగ కనిపిస్తుంది, రాత్రిపూట బండి ఏ వరుసలో ఉందో తెలీదు. షోల్డర్ (రోడ్డు అంచున బండి ఆపుకునే జాగా) తీసేసి కాంక్రీటు గోడ నిలబెట్టిన చోట టైరు పేలితే ఆగడానికి జాగా ఉండదు. ఇలాంటివి రాయి.

సభలకి వెళ్ళేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. రోడ్ల శాఖ పెట్టే ఓపెన్ హౌస్ వేరు, పబ్లిక్ హియరింగ్ వేరు. మొదటిదాంట్లో బల్లల మీద పొడుగాటి రోడ్డు పటాలు పరుస్తారు, ఇంజనీరుతో ఎంతసేపైనా మాట్లాడొచ్చు, కానీ నోటితో అన్నది రికార్డులోకి ఎక్కదు. కాగితం మీద రాసిస్తేనే లెక్క. హియరింగ్‌లో మైకు ముందు మాట్లాడింది అక్షరం పొల్లుపోకుండా రికార్డవుతుంది, సాధారణంగా మూడు నిమిషాలిస్తారు. ఆవేశంగా మాట్లాడి రాతలో ఏమీ ఇవ్వకుండా ఇంటికెళ్ళిపోయిన వాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళ మాట నీ వ్యాసంలోనైనా ఉండాలి. ఆ పటం మీద ఇప్పటి హద్దు, కాబోయే హద్దు రెండూ గీసి ఉంటాయి. ఎవరి పొలంలో ఆ గీత ఎన్ని అడుగులు లోపలికెళ్ళిందో స్కేలు పెట్టి కొలుచుకో.

భూమి మాట వచ్చింది కాబట్టి, నీ వ్యాసంలో లేని సంగతి ఒకటి చెప్పాలి. అక్కడి పెద్దవాళ్ళు రోడ్డు పటం చూడగానే ఎందుకు బిగుసుకుంటారో నువ్వు అడగలేదు. 2002లో ట్రాన్స్-టెక్సాస్ కారిడార్ అని ఒక పథకం ప్రకటించారు. ఐ-35 వెంట కార్లకీ, లారీలకీ, రైళ్ళకీ, పైపులకీ కలిపి 1,200 అడుగుల దాకా వెడల్పు. లెక్కేసి చూడు, మైలుకి 145 ఎకరాలు. చెక్, జర్మన్ రైతు కుటుంబాలు తరతరాలుగా పత్తీ జొన్నా పండించుకుంటున్న రేగడి అది. ఊరూరా ఎదురుతిరిగారు. 2009లో పథకం వదిలేస్తున్నామన్నారు, 2011లో శాసనసభ చట్టంలోంచే తీసేసింది. ఈ పేరా పెడితే ఆ పెద్దవాళ్ళ కోపం ర్యాంపు కోసం మాత్రమే కాదని పాఠకులకి అర్థమవుతుంది. ఆస్టిన్‌లో పై డెక్కులు తీసేసి రోడ్డుని కిందికి దింపుతున్న పని, 2024లో మొదలైంది, దాన్ని ఇందులో కలపకు. అది నగరం గొడవ, దాని కష్టాలు వేరు.

2013 ఏప్రిల్ 17న ఆ ఊళ్ళో ఎరువుల గోడౌను పేలి 15 మంది పోయారు. వాళ్ళలో ఎక్కువమంది మంట ఆర్పడానికి వెళ్ళినవాళ్ళే. నువ్వు దాన్ని మొదటి వాక్యంలో పెట్టావు, ఆకట్టుకుంటుందని. తీసేయి. ఆ మనుషులు నీ రోడ్డు వ్యాసానికి దండోరా కాకూడదు.

ఇక కొలాచీ. చెక్ భాషలో ఒకటైతే కొలాచ్, ఎక్కువైతే కొలాచె. కొలో అంటే చక్రం, దాన్నుంచి వచ్చిన పేరు. టెక్సాస్ నోట్లో ఆ బహువచనమే ఏకవచనమైపోయి, దానికి మళ్ళీ ఇంగ్లీషు బహువచనం తగిలి కొలాచీస్ అయింది. మనం చిప్స్‌లు, షూస్‌లు అన్నట్టే. నువ్వు "కొలాచీస్‌లు" అని రాశావు, అది మూడో బహువచనం. కొలాచీ, కొలాచీలు అని రాయి.

వాదన ఇక్కడుంది. కొలాచీ అంటే మెత్తటి పులిసిన పిండి బిళ్ళ, నడుమ గుంట, గుంటలో గసగసాల ముద్దో, ఎండు ప్లమ్ గుజ్జో, ఆప్రికాటో, విరిగిన పాల జున్నో. పైన వెన్న, పంచదార, మైదా కలిపిన పొడి. దాన్ని పొసిప్కా అంటారు. అదే పిండిలో సాసేజ్ పెట్టి మూసేస్తే అది క్లొబాస్నిక్. క్లొబాసా అంటే సాసేజ్. మొరావియా నుంచి వచ్చినవాళ్ళు తీపిదాన్ని వెంట తెచ్చుకున్నారు, సాసేజ్‌ది టెక్సాస్‌లో పుట్టింది. 1952లో మొదలైన విలేజ్ బేకరీలోనే అది పుట్టిందని ఆ ఊరి మాట. డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో డోనట్ కొట్టుకెళ్ళి కొలాచీ అడిగితే చేతికొచ్చేది సాసేజ్‌దే. పాతవాళ్ళకి అది తప్పు, నగరంలో పుట్టిన పిల్లలకి అదే అసలు. తాపేశ్వరం మడత కాజా తిన్నవాళ్ళకీ, కాకినాడ గొట్టం కాజా తిన్నవాళ్ళకీ కాజా అనగానే వేర్వేరు రూపాలు కళ్ళముందుకొస్తాయి కదా, అలాంటిది. ఈ పోలిక ఒక్కసారి వాడు, చాలు. "చెక్ బొబ్బట్టు" మాత్రం వద్దు. బొబ్బట్టులో పూర్ణం లోపల దాగుంటుంది, కొలాచీకి అది తెరిచి కనబడటమే రూపం. నా మటుకు రెండింటికీ రెండు పేర్లుండాలి, నీ వ్యాసమంతా అలాగే వాడు. కానీ బోర్డు మీద సాసేజ్ కొలాచీ అని రాసుకున్న డోనట్ కొట్టాయన్ని తక్కువ చెయ్యకు. ఆ కొట్లలో చాలావరకు కంబోడియా నుంచి వచ్చిన కుటుంబాలవి. గిరాకీ ఏ పేరుతో అడిగితే ఆ పేరే బోర్డు మీదికెక్కింది.

రాసేముందు ఒకసారి ఇంట్లో చెయ్యి. మైదా 500 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు 7 గ్రాములు, గోరువెచ్చటి పాలు 250 మి.లీ., పంచదార 75 గ్రాములు, వెన్న 100, రెండు గుడ్ల పచ్చసొన, చెంచాడు ఉప్పు. చేతికి కాస్త అంటుకునేంత మెత్తగా ఉండాలి. అంటుకుంటోందని మైదా చల్లుతూపోతే బన్ను అవుతుంది. పాలు వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే ఈస్టు చచ్చిపోతుంది. గంట, గంటన్నరలో రెట్టింపయ్యాక 40 గ్రాముల చొప్పున ఇరవై నాలుగు ఉండలు. ఇంకో అరగంట పొంగనిచ్చి, అప్పుడు రెండు వేళ్ళతో గుంట నొక్కాలి, చుట్టూ వేలెడు మందం అంచు వదిలి. పొంగకముందే నొక్కితే ఓవెన్‌లో గుంట పైకి లేచి ముద్దని బయటికి తోసేస్తుంది. ఇదీ అందరూ చేసే తప్పు. గుంటలో ముద్ద పెట్టి, పావుగంట ఆగి, పొసిప్కా చల్లి, 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర పదిహేను, పద్దెనిమిది నిమిషాలు కాల్చు. తియ్యగానే అంచుకి వెన్న రాయాలి. జున్ను రాత్రంతా గుడ్డలో వేలాడదీయకపోతే నీరు ఊరి అడుగు పచ్చిగా ఉండిపోతుంది. గసగసాలు కుర్మాకి నూరినట్టు తడిపి నూరకు, పొడిగా దంచి, పాలూ పంచదారా వేసి దగ్గరపడేదాకా ఉడికించు. దంచకపోతే పంటికింద ఇసకే. ఇది చేసి చూశాక "రుచికరమైన వంటకం" అన్న మాట నీ చేత్తో నువ్వే కొట్టేస్తావు.

ఈ పిండికి మొత్తం మూడు గంటలు పడుతుందని గమనించావా? శుక్రవారం సాయంత్రం ఐదింటికి వచ్చే జనం కోసం బేకరీలో మధ్యాహ్నమే పిండి కలపాలి. ర్యాంపు ఆ రాత్రికి మూస్తామని మధ్యాహ్నం మూడింటికి తెలిస్తే, కలిపిన పిండిని వెనక్కి తీసుకోలేరు. నీ వ్యాసంలో రోడ్డూ రొట్టే కలిసే చోటు ఇదే. "ఇక తిండి సంగతికొస్తే" స్థానంలో దీన్ని పెట్టు.

వచ్చే శుక్రవారం నాలుగింటికల్లా వంతెన మీద ఉండు. పావుగంట చొప్పున నాలుగుసార్లు లెక్కపెట్టు, లారీలు విడిగా, కార్లు విడిగా, దిగినవి విడిగా. చీకటి పడ్డాక బేకరీకి వెళ్ళి, అరల్లో ముందు ఏవి ఖాళీ అయ్యాయో రాసుకో. పేర్లు అక్కడి చీటీల మీద ఎలా ఉంటే అలా దించుకో. రెండో ప్రతి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో.