అంచనాల పత్రంలో లేని పేజీ

చిరంజీవికి ఆశీస్సులు.

అడవి అంచు గ్రామాలతో కలిసి వన్యప్రాణి పర్యాటకం మొదలుపెట్టి, ఆ రాబడితోనే సంరక్షణ ఖర్చులు వెళ్లదీయాలనుకుంటున్నానని నీవు రాసిన ఉత్తరమూ, దానితో పంపిన అంచనాల పత్రమూ చదివాను. సందర్శకుల సంఖ్య ఏటేటా పెరుగుతుందని చూపావు గాని, వచ్చిన సొమ్ములో ఎవరికి ఎంత, ఎప్పుడు చేరుతుందో ఎక్కడా రాయలేదు.

ప్రాణి బతికి ఉంటే దక్కే లాభాన్ని అంకెల్లో చూపడం కష్టమేమీ కాదు. పలావు ద్వీపదేశంలో ఒక్కో సొరచేప తన జీవితకాలంలో పర్యాటకానికి సుమారు 19 లక్షల డాలర్లు తెచ్చిపెడుతుందనీ, పట్టి అమ్మితే 108 డాలర్లే వస్తాయనీ 2011లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. సభల్లో ఈ మాటకు చప్పట్లు బాగానే పడతాయి. అయితే ఆ 19 లక్షలలో తన ఇంటికి ఏమీ రానప్పుడు, వల వేసేవాడికి కనబడేది ఆ 108 మాత్రమే.

మా సమితి తొలి నియమావళిలో "గ్రామాలకు తగిన వాటా" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాం. ఆ ఏడాది కోతల ముందు ఏనుగులు ఒక రైతు మొక్కజొన్న చేనును రాత్రికి రాత్రే నేలమట్టం చేశాయి. తెల్లవారాక ఆయన విరిగిన కంకులు తెచ్చి టికెట్ల గది బల్లమీద పెట్టి, "చూడటానికి డబ్బు మీకు, మేపడానికి చేను నాదా?" అని అడిగాడు. పరిహారం చేతికి అందేసరికి ఎనిమిది నెలలు గడిచాయి, మరుసటి విత్తు అప్పుతో పడింది. తరువాత ఆయన చేను పక్కన ఉచ్చులు కనబడితే నాకు కోపం రాలేదు, సిగ్గు వేసింది. అందుచేత పరిహారనిధిని గ్రామంలోనే ఉంచి, నష్టం చూసిన వారంలోపే చెల్లించే అధికారం అక్కడివారికే ఇవ్వు.

రుసుము విషయంలో జనాన్ని పెంచడం కంటే ధర పెంచడమే మేలని నా అభిప్రాయం. రువాండా 2017లో పర్వత గొరిల్లాలను చూసే అనుమతి ధరను 750 నుంచి 1,500 డాలర్లకు పెంచుతూనే, పర్యాటక రాబడిలో చుట్టుపక్కల గ్రామాల వాటాను 5 నుంచి 10 శాతానికి పెంచింది. ఒక గుంపు దగ్గరకు రోజుకు ఎనిమిది మందినే, అదీ గంటసేపే పంపుతారు. అయితే గొరిల్లా వంటి అరుదైన ఆకర్షణ లేనిచోట అంత ధర పలకదు.

అన్నిటికీ మించి, కాపలాదారుల జీతాలను టికెట్లమీదే ఆధారపడనివ్వకు. 2020లో సరిహద్దులు మూతపడగానే సందర్శకులు ఆగిపోయారు గాని, వేటగాళ్లు ఆగలేదు. కనీసం ఒక ఏడాది జీతాలకు సరిపడే నిల్వ విడిగా ఉంచి, వేరే ఆధారమూ వెతుకు; కోస్టారికా ఇంధన పన్నులో కొంత భాగాన్ని అడవిని కాపాడే భూయజమానులకు చెల్లిస్తున్నది.

పత్రాన్ని తిరగరాసి పంపు. పంపకాల పట్టిక మొదటి పేజీలోనే ఉండాలి, దానిని గ్రామసభలో చదివి వినిపించిన తేదీ కింద వేయాలి. అది చూసిన తరువాతే సందర్శకుల అంకెలు మళ్లీ చూస్తాను.