మొక్కల నుంచి తీసిన ఆంటీఆక్సిడెంట్లు చర్మానికి ఎంతవరకు సురక్షితం?

విటమిన్ సి, గ్రీన్ టీ, బావంచాల సారం వంటి ఆంటీఆక్సిడెంట్లు (చర్మ కణాలను ఆక్సీకరణ వల్ల కలిగే నష్టం నుంచి కాపాడే పదార్థాలు) మొక్కల నుంచి వచ్చినవే కదా, ముఖానికి రోజూ రాసుకోవడానికి భయమెందుకని మీరు అడిగారు. మొక్కదైనంత మాత్రాన భయం లేదనే మాటను నేను ఒప్పుకోలేను.

మాది పొదలకూరు దగ్గర నిమ్మతోటలున్న ఊరు. కొన్నేళ్ల క్రితం ఏప్రిల్‌లో, కాయలు ఏరి బస్తాలకు ఎత్తే పనిలో ఉండగా, నలుపు విరుగుతుందని పగిలిన కాయలను తొక్కతో సహా ముంజేతులకు రుద్దుకుని, కడుక్కోకుండా మధ్యాహ్నం దాకా ఎండలోనే ఉన్నాను. ఆ రోజు ఏమీ తెలియలేదు. మర్నాడు సాయంత్రానికి మంట మొదలైంది. మూడో రోజుకు రసం కారిన చారల వెంబడే నీటి బొబ్బలు లేచాయి. అవి మానినా, అదే ఆకారంలో గోధుమరంగు మచ్చలు మూడు నెలలకు పైగా నిలిచిపోయాయి. నెల్లూరులో చూపించుకున్నప్పుడు చర్మవైద్యురాలు ఇది అలర్జీ కాదని, నిమ్మలో, ముఖ్యంగా తొక్కలో, ఉండే ఫ్యూరోకుమారిన్లు చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే ఎవరికైనా ఇలా కాలవచ్చని చెప్పారు.

శుద్ధమైన విటమిన్ సి సీరంలో ఈ పదార్థాలు ఉండవు. ఆ విటమిన్‌ను ఎక్కువగా గ్లూకోజ్ నుంచి తయారుచేస్తారు. బావంచాల విషయమూ ఇంతే: ఆ గింజల్లో చర్మానికి పనికొచ్చే బాకుచియోల్ అనే పదార్థంతో పాటు ఎండకు చర్మాన్ని కాల్చే సోరాలెన్ కూడా ఉంటుంది కనుక, బాగా శుద్ధి చేసిన బాకుచియోల్ వేరు, ఇంట్లో నూరిన గింజల లేపనం వేరు. ఆ లేపనాన్ని మాత్రం దయచేసి ముఖానికి పూయకండి.

సీరానికి వేరే జాగ్రత్త కావాలి. ఆంటీఆక్సిడెంట్ తాను ఆక్సీకరణ చెందుతూ చర్మాన్ని కాపాడుతుంది. సీసాలోనే గాలికీ వేడికీ ఆ పని జరిగిపోతే ఇక ప్రయోజనం ఉండదు. మే నెలలో కిటికీ దగ్గర పెట్టిన నా సీసా కొద్ది వారాల్లోనే టీ డికాషన్ రంగుకు తిరిగితే పారేశాను. సువాసన కోసం కలిపే లిమోనీన్, లినలూల్ కూడా గాలికి పాతబడినకొద్దీ అలర్జీ తెచ్చే గుణాన్ని సంతరించుకుంటాయి.

అందుకే ఇప్పుడు కొత్తది ఏది కొన్నా, మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం పైన రాసి చూశాకే ముఖానికి వాడుతున్నాను. దురదో బొబ్బలో వస్తే వెంటనే ఆపి, పదార్థాల పేర్లు ఉన్న డబ్బాతో సహా వైద్యుల దగ్గరకు వెళ్లండి.