ఏబీఎస్ లైటు ఆరట్లేదు, స్కూటర్ నడపొచ్చా? నేను పదకొండు రోజులు నడిపాను

మీ ప్రశ్న ఇది: 155 సీసీ స్కూటర్. మూడు రోజులుగా మీటర్లో పసుపు రంగు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలుగుతూనే ఉంది. బ్రేకులు మామూలుగానే పడుతున్నాయి. సర్వీసు సెంటర్ వాళ్లు ఎనిమిది రోజుల తర్వాత రమ్మన్నారు. ఆఫీసుకి 22 కిలోమీటర్లు. ఈలోగా బండి తీయొచ్చా?

తీయొచ్చండీ. కాకపోతే ముందు ఐదు నిమిషాలు బండి దగ్గర కూర్చుని కొన్ని చూసుకోవాలి, చేతికున్న ఒక అలవాటు మార్చుకోవాలి. నేను ఈ రెండూ చేయకుండా పదకొండు రోజులు తిరిగాను. పన్నెండో రోజు విశాఖలో తాటిచెట్లపాలెం దగ్గర రోడ్డు మీద పడ్డాను.

అసలది లోపం చూపించే లైటేనా కాదా అన్నది మొదట తేల్చుకోండి. తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలగాలి. బండి కదిలి కాస్త వేగం అందుకోగానే, అంటే గంటకి ఐదో పదో కిలోమీటర్లకి, దానంతటదే ఆరిపోవాలి. స్టాండు మీదున్న బండిలో లైటు చూసి కంగారుపడి ఫోన్ చేసేవాళ్లు చాలామంది. మా బావమరిదీ అంతే. కొన్ని బళ్లకి సెంటర్ స్టాండ్ మీద వెనక చక్రం తిరిగేలా కాసేపు రైజ్ చేసినా లైటు పడుతుంది. ముందు చక్రం కదలకుండా వెనకది తిరుగుతుంటే ఏబీఎస్ యూనిట్‌కి తేడాగా అనిపిస్తుంది మరి. అలాంటప్పుడు తాళం ఆపి, మళ్లీ ఆన్ చేసి, వీధి చివరిదాకా నడిపితే పోతుంది. మీది మూడు రోజులుగా నడుస్తున్నా ఆరట్లేదంటున్నారు కాబట్టి లోపమే అనుకోవాలి.

ఆ లోపం ఉన్నప్పుడు ఏం జరుగుతుందో చెప్తాను. ముందు చక్రం దగ్గర డిస్కు పక్కన గాట్లు గాట్లుగా కోసిన ఒక రింగు ఉంటుంది. దానికి వెంట్రుకవాసి దూరంలో సెన్సర్ మొన ఉంటుంది. గాట్లు తిరిగే తీరును బట్టి చక్రం వేగం తెలుస్తుంది. బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోబోతోందని కనిపెడితే, ఏబీఎస్ యూనిట్ ఆయిల్ ఒత్తిడిని వదిలి పట్టి, వదిలి పట్టి చేస్తుంది. లివర్ మీద వేళ్లకి టకటకమని తగిలేది అదే. సెన్సర్ నుంచి కబురు సరిగ్గా అందకపోతే యూనిట్ తప్పుకుంటుంది, లైటు వెలిగిస్తుంది. అప్పుడు మీ లివర్ నుంచి కేలిపర్ (ప్యాడ్లతో డిస్కుని పట్టే భాగం) దాకా మామూలు డిస్క్ బ్రేకే. అందుకే మీకు తేడా తెలియట్లేదు. నాకూ తెలియలేదు.

తెలిసిన రోజు సంగతి. అక్టోబరు వాన, సాయంత్రం. గాజువాక నుంచి ఎన్ఏడీ దాటి మద్దిలపాలెం వైపు వస్తున్నాను. వేగం నలభై కూడా లేదు. ముందున్న ఆటో ప్యాసింజరు కోసం ఉన్నపళంగా ఆగింది. రెండేళ్లుగా ఏబీఎస్ బండి నడిపిన చెయ్యి కదా, లివర్ని ఒక్కసారే పూర్తిగా పిసికేసింది. చక్రం కింద సరిగ్గా తెల్ల చారలు, వాటి మీద నీళ్లు, కాస్త ఇసుక. హ్యాండిల్ చేతిలో తేలిపోయినట్టయింది, మరుక్షణం ఎడమ మోచెయ్యి రోడ్డు మీదుంది. వెనక బస్సు దూరంగా ఉండబట్టి బతికాను. లేచి చూస్తే మీటర్లో ఆ పసుపు లైటు నిక్షేపంగా వెలుగుతోంది. పదకొండు రోజులుగా చూస్తూ చూస్తూ దాన్ని చూడ్డమే మానేశాను.

కాబట్టి ఈ ఎనిమిది రోజులూ మీ బండిని ఏబీఎస్ లేని పాత బండి కింద లెక్కేసుకోండి. రెండు బ్రేకులూ కలిపి పట్టండి. ముందు లివర్ని మొదట మెల్లగా, బరువు ముందు చక్రం మీదికి వచ్చాక గట్టిగా. ముందు బండికి రోజూ వదిలే దూరానికి రెట్టింపు వదలండి. నేనైతే పడ్డాక నాలుగు రోజులు తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఇదే పనిగా పట్టి చూసుకున్నాను. చేతికి పాత లెక్క వచ్చేదాకా కొంచెం చిరాగ్గానే ఉంటుంది.

ఇప్పుడు ఆ ఐదు నిమిషాల పని. బండి ఆపి ముందు లివర్ గట్టిగా నొక్కి ముప్పై దాకా లెక్కపెట్టండి. రాయిలా నిలబడాలి. మెత్తగా స్పాంజిలా ఉన్నా, నొక్కి పట్టుకుంటే మెల్లమెల్లగా హ్యాండిల్ వైపు దిగిపోతున్నా ఎయిర్ పట్టిందనో, ఎక్కడో సీలు పోయిందనో అర్థం. ఆ బండిని తొయ్యండి, లేదా ఆటో ట్రాలీలో వేసుకెళ్లండి. నడపొద్దు. తర్వాత హ్యాండిల్ మీదున్న బ్రేక్ ఆయిల్ డబ్బా కిటికీ చూడండి. హ్యాండిల్ తిన్నగా పెట్టి చూస్తేనే మట్టం సరిగ్గా తెలుస్తుంది. లోయర్ గీత కన్నా కిందికి ఉంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఆయిల్ కారుతూ ఉండాలి. చాలా షాపుల్లో ప్యాడ్లు చూడకుండా ఆయిల్ నింపి పంపేస్తారు, అది తప్పు. కొత్త ప్యాడ్లు వేసేసరికి పైకొచ్చిన ఆయిల్ మూత పక్కనుంచి పొంగి పెయింట్ తినేస్తుంది. ఆయిల్ నల్లగా కాఫీ డికాక్షన్లా ఉంటే ఎలాగూ మార్చే టైం అయినట్టే. ఈ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు పట్టినదానికి ఆ హద్దు 155కి పడిపోతుంది. సింహాచలం కొండ దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే దిగేవాళ్లకి ఆ తేడా లివర్లోనే తెలుస్తుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. చివరగా కేలిపర్ చుట్టూ, ఫోర్క్ కింద వేలితో తడిమి తడి లేదని చూసుకోండి. ఇవన్నీ బాగుంటే మీ బ్రేకు బాగున్నట్టే, ఏబీఎస్ ఒక్కటే పడుకుంది.

ఇక రిపేరు. నేను పడ్డాక తీసుకెళ్లిన మొదటి చోట బండి చుట్టూ ఒకసారి తిరిగి, సెన్సర్ పోయింది, నాలుగు వేలు దాటుతుంది, పార్టు తెప్పించాలి అన్నారు. లోపం కోడ్ చూపించే స్కానర్ పెట్టలేదు, చక్రం వంక వంగి కూడా చూడలేదు. నాకెందుకో నమ్మకం కుదరక కంచరపాలెంలో తెలిసిన ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన అడిగిన మొదటి మాట: "ఈ సక్రం మీద ఆకర్న సెయ్యేసిందెవులు బాబూ?"

అప్పుడు గుర్తొచ్చింది. లైటు పడటానికి ముందురోజే ముందు టైరు మార్పించాను. పంక్చర్ షాపు కుర్రాడు చక్రం ఊడదీసి, టైరు ఎక్కించడానికి డిస్కు వైపే నేల మీద బోర్లా వేసి కాలితో తొక్కాడు, నా కళ్లముందే. మెకానిక్ ముందు చక్రం లేపి వేలితో తిప్పి చూపించాడు. రింగు ఒకచోట రవ్వంత వంగి, తిరిగినప్పుడల్లా సెన్సర్ దగ్గరికొచ్చి దూరం జరుగుతోంది. సెన్సర్ మొనకి ప్యాడ్ల పొడి, గ్రీజు కలిసి నల్లగా కాటుకలా పట్టింది. ముందు ప్యానెల్ విప్పితే కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) పిన్నులకి ఆకుపచ్చగా చిలుము. విశాఖలో సముద్రపు గాలికి ఇది మామూలే, బీచ్ రోడ్డు వైపు ఇళ్లున్నవాళ్ల బళ్లకైతే మరీను. ఆయన రింగు మార్చాడు, మొన గుడ్డతో తుడిచాడు, కప్లర్ క్లీన్ చేసి బిగించాడు. నాలుగొందల రూపాయలతో పోయింది. అసిల్మెట్ట దాకా వెళ్లి వచ్చేలోపు లైటు ఆరిపోయింది.

మీదీ ఇదేనని చెప్పను. ఫ్యూజు కొట్టేసినా, బ్యాటరీ వీకై సెల్ఫ్ ఈడుస్తున్నా, ప్రెషర్ వాష్ చేయించినప్పుడు కప్లర్లోకి నీళ్లు పోయినా ఇదే లైటు. కానీ గత వారం పది రోజుల్లో టైరు, ప్యాడ్లు, వాష్, ఏదైనా చేయించారేమో గుర్తు చేసుకోండి. సర్వీసు సెంటర్లో ఆ మాటే ముందు చెప్పి జాబ్ కార్డులో రాయించండి. స్కానర్లో ఏ కోడ్ వచ్చిందో అడగండి. కోడ్ చూపించకుండా సెన్సర్ మారుస్తామంటే ఒప్పుకోవద్దు. మాడ్యూల్, అంటే ఏబీఎస్ యూనిట్ మొత్తం, మారుస్తామంటే అసలే వద్దు, అది బండిలో బాగా ఖరీదైన పార్టుల్లో ఒకటి.

లైటు మీద నల్ల టేపు వేసేయమని, బల్బు కనెక్షన్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు మీకూ తగులుతారు. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి, సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఇలాంటి టేపు బళ్లు బాగానే తిరుగుతున్నాయి. కొనేటప్పుడు తాళం తిప్పగానే లైటు అసలు వెలగకపోతే అదే అనుమానించాల్సింది.

ఈ ఎనిమిది రోజుల్లో వాన పడితే మాత్రం ఆ రోజుకి బస్సెక్కండి. మీ ముందు టైరు ఎప్పుడు మార్పించారో, లైటు నిలకడగా వెలుగుతోందో మినుకుమినుకుమంటోందో ఇక్కడే రాస్తే ఇంకాస్త వివరంగా చెప్పగలను.