మందుల బిల్లు చూసి బెంగపడ్డ మేనకోడలికి

చిన్నీ,

నిన్న ఫోన్లో నీ గొంతు వినగానే అర్థమైంది, మందుల షాపు కౌంటర్ దగ్గర నుంచి నేరుగా నాకే చేశావని. "మీ అల్లుడు ఆర్మీ నుంచి రిటైరై రెండు నెలలు కాలేదు, అప్పుడే ఇంత బిల్లేంటి అత్తయ్యా" అన్నావు. నోటితో చెబితే సగం మర్చిపోతావు కాబట్టి రాసి పంపిస్తున్నా. మీ మావయ్య నేవీ నుంచి బయటికొచ్చి ఇరవై రెండేళ్లు. ఇన్నేళ్లలో నాకు తెలిసొచ్చింది ఒకటే. ట్రైకేర్‌లో, అంటే అమెరికా సైన్యం వాళ్లకీ రిటైరైనవాళ్లకీ వాళ్ల కుటుంబాలకీ ఉండే ఆరోగ్య బీమాలో, ఏ మాత్ర అన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ తీసుకున్నావన్నది అంతకంటే ముఖ్యం.

బేస్ (సైనిక స్థావరం) పక్కన ఉన్నన్నాళ్లూ మీరు అక్కడి ఫార్మసీకే వెళ్లారు, డాలరు ఖర్చు కాలేదు. ఇప్పుడు ఇల్లు మారి వీధి చివర షాపుకి వెళ్లారు. 2026 లెక్క చెబుతాను, విను. షాపులో ముప్పై రోజుల జెనరిక్‌కి 16 డాలర్లు, బ్రాండ్‌కి 48. అదే ట్రైకేర్ హోమ్ డెలివరీలో తెప్పించుకుంటే తొంభై రోజుల జెనరిక్‌కి 14, బ్రాండ్‌కి 44. నువ్వు చెప్పిన ఆ బ్రాండ్ మందు మూడు నెలలకి షాపులో 144 అవుతుంది, ఇంటికి తెప్పించుకుంటే 44, బేస్‌లో సున్నా. రిటైరయ్యాక బేస్ ఫార్మసీకి వెళ్లకూడదనుకుంటారు చాలామంది. అదేం లేదు, కార్డు పట్టుకుని వెళ్లు. బయటి డాక్టరు రాసిన ప్రిస్క్రిప్షన్ కూడా తీసుకుంటారు. అన్ని బేసుల్లో అన్ని మందులూ ఉండవు కాబట్టి ముందే ఫోన్ చేసి అడుగు. గంటన్నర డ్రైవ్ అన్నావు. మూడు నెలలకోసారి అంటే నేనైతే వెళ్తాను.

ఇంకో సంగతి నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. మీ మావయ్య బీపీకి ఓ బ్రాండ్ మాత్ర వాడేవారు. రెండుసార్లు షాపులో తెచ్చాను. మూడోసారి వెళ్తే మొత్తం ధర కట్టమన్నారు. అదేమిటని గొడవ పెట్టుకున్నాను కూడా. తీరా ఇంటికొచ్చి చూస్తే, ఫ్రిజ్ తలుపు మీద పిజ్జా కూపన్ల వెనక ట్రైకేర్ వాళ్లు ముందే పంపిన ఉత్తరం ఉంది. ఏదో ప్రకటన అనుకుని విప్పనే లేదు. రోజూ వాడే కొన్ని బ్రాండ్ మందుల్ని షాపులో రెండుసార్లే ఇస్తారు, ఆ తర్వాత హోమ్ డెలివరీలో గానీ బేస్‌లో గానీ తీసుకోవాలి, లేదంటే పూర్తి ధర మనదే. తప్పు నాదే అని ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది. అప్పట్నుంచీ ట్రైకేర్ పేరుతో వచ్చిన కవరు ఏదైనా ఆ రోజే విప్పుతున్నా.

హోమ్ డెలివరీ మొదటిసారి పెట్టేటప్పుడు డాక్టరుని రెండు ప్రిస్క్రిప్షన్లు అడుగు, తొంభై రోజులది అక్కడికి, చిన్నది షాపుకి. పార్సిల్ వచ్చేలోగా మాత్రలు అయిపోతాయన్న టెన్షన్ ఉండదు. నేను మాత్రలు రాగానే సీసా మూత మీద మార్కర్‌తో తేదీ రాస్తాను, మళ్లీ ఎప్పుడు చెప్పాలో అని. మీ మావయ్య నవ్వుతారు, కానీ ఆ తేదీ చూసే నన్ను తొందరపెడతారు.

జాబితాలో లేని మందు, అంటే వాళ్ల భాషలో నాన్ ఫార్ములరీ అయితే 85 డాలర్లు. అలాంటిది రాస్తే డాక్టరు గదిలోంచి లేచే ముందే అడుగు, దీనికి బదులు జాబితాలో ఉన్నది పనిచేయదా అని. నిజంగా అదే కావాలంటే, ఎందుకు కావాలో డాక్టరు రాసిపంపి వాళ్లు ఒప్పుకుంటే బ్రాండ్ రేటుకే వస్తుంది. మన వాళ్లకి డాక్టరుని ఎదురడగడం మర్యాద కాదనే అలవాటు ఒకటుంది. ఇక్కడ అది పక్కన పెట్టు.

ఇక అల్లుడి సంగతి. వీఏ, అంటే మాజీ సైనికుల బాగోగులు చూసే ప్రభుత్వ శాఖ, వాళ్ల వైద్యంలో చేరడానికి పెట్టే 10-10ఈజెడ్ ఫారం ఇంకా నింపలేదన్నాడు. ఇంత బద్ధకమైతే ఎలా? సర్వీసులో వచ్చిన నడుం నొప్పికి వీఏ నుంచి వైకల్య రేటింగ్ (ఇంత శాతం అని) వస్తే, దానికి వీఏ ఇచ్చే మందులు ఉచితం. రేటింగ్ యాభై శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఏ మందుకీ కోపే, అంటే మన వంతు కట్టేది, ఉండదు. అంత లేకపోయినా ముప్పై రోజులకి 5, 8 లేదా 11 డాలర్లే, ఏడాదికి 700 దాటి తీసుకోరు. అది తనకి మాత్రమే, నీకూ పిల్లలకీ రాదు. రాసేది కూడా వీఏ డాక్టరో, వీఏ పంపిన బయటి డాక్టరో అయ్యుండాలి. అందుకని నడుం మందు వీఏలో, మిగతావి ట్రైకేర్‌లో పెట్టుకోండి.

మందుల కంపెనీ వాళ్ల కూపన్ కార్డు చూపించావట షాపులో. దాని వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకి చెల్లదని. పారెయ్.

అరవై ఐదు నిండాక పార్ట్ డీ, అంటే మెడికేర్ (పెద్దవాళ్ల ప్రభుత్వ బీమా)లో మందుల భాగం, తీసుకోమని ఫోన్లు మొదలవుతాయి. మాకూ వచ్చాయి. మెడికేర్ ఏ, బీ భాగాలు ఉంటే, ఆ వయసులో ట్రైకేర్ ఇచ్చే ట్రైకేర్ ఫర్ లైఫ్ మందులు చూసుకుంటుంది, మాకు డీ అవసరం పడలేదు. మీకు ఇంకా చాలా టైముందిలే.

ఇంట్లో ఉన్న మందుల సీసాలన్నీ డైనింగ్ టేబుల్ మీద వరసగా పెట్టి, లేబుళ్లు కనబడేలా ఫోటో తీసి పంపు. ఏది ఎక్కడికి మార్చాలో ఆదివారం కూర్చుని తేలుద్దాం. పిల్లాడి యాంటీబయాటిక్ మటుకు కదపకు, అది షాపులోనే.

మీ అత్తయ్య