అరబిక్ ముద్ర చూసి ఇస్తాంబుల్ సింబల్ (డ్రమ్స్‌తో వాయించే కంచు తాళం) అనుకోకండి

ముద్రలో అరబిక్ అక్షరాలున్నాయి, ఈ 20 అంగుళాల జిల్జియన్ కంపెనీ రైడ్ (లయ పట్టే పెద్ద సింబల్) ఇస్తాంబుల్‌దేనా అని అడిగారు కదండీ. ఆ ఒక్కటీ చూసి డబ్బు కట్టేయకండి. అవేడిస్ జిల్జియన్ 1929లో అమెరికాలో కంపెనీ పెట్టాక అక్కడి సింబల్స్ మీద కూడా అరబిక్ అక్షరాల ఆ ఒట్టోమన్ (పాత టర్కీ) రాతే కొట్టారు. టార్చి ఏటవాలుగా వేసి కింది వరుస చదవండి. ‘మేడ్ ఇన్ యూఎస్ఏ’ అని ఉంటే మసాచుసెట్స్ సరుకే. ఇస్తాంబుల్‌దైతే పేరు ముందు ‘కె’ ఉంటుంది. సుత్తి దెబ్బలు చేత్తో కొట్టినవి, అందుకే ఒక గుంట లోతుగా, పక్కది పైపైన కనిపిస్తాయి. ఇస్తాంబుల్‌వి, అమెరికావి రెండూ దాదాపు 80 శాతం రాగి, 20 శాతం తగరమే, రంగు చూసి తేల్చలేం. ఇంకు లోగో లేదన్నది కూడా లెక్కలోకి రాదు, తుడిస్తే పోయేదే. దయచేసి పాలిష్ మాత్రం పెట్టొద్దు! మధ్య రంధ్రం చుట్టూ, అంచు వెంబడి గోటితో తడమండి. పగులు తగిలితే గట్టిగా బేరమాడండి.