అడవి దారికి ముందు ఏటిగట్టు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కొత్త సైకిలు కొన్నావనీ, సంక్రాంతి సెలవుల్లో స్నేహితులతో రంపచోడవరం వెళ్లి భూపతిపాలెం రిజర్వాయరు పక్క అడవి దారుల్లో తొక్కుదామనుకుంటున్నావనీ రాశావు. చాలా సంతోషం. రుతువు కూడా మంచిదే. వానలు వెనకబట్టి నేల గట్టిపడి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. వెళ్లు. అయితే అమలాపురం నుంచి అడవికి వెళ్లేవాడు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. మన కోనసీమలో ఎంత తొక్కినా కాళ్లకి బలం వస్తుంది గానీ చేతులకి బ్రేకు పట్టడం రాదు. కాలువ గట్టు మీద రోజూ ముప్పై కిలోమీటర్లు తొక్కినా దిగుడు అన్నది తగలదు కదా. అడవి దారిలో ఎక్కేటప్పుడు పడితే మోకాలు గీసుకుంటుంది. దిగేటప్పుడు పడితే భుజం దగ్గరి కాలర్ బోన్ విరుగుతుంది.

అందుకని ఈ నెల రోజులూ నీ బడి ఏటిగట్టు. గౌతమి గట్టు మీదికి ట్రాక్టర్లు ఎక్కడానికి వేసిన మట్టి ర్యాంపులు ఉంటాయి చూడు, వాటిలో కాస్త గులక తేలినదాన్ని ఎంచుకో. ముందు కుడిచేతి బ్రేకు ఏ చక్రానికి పడుతుందో చూసుకో, బండి బండికీ మారుతుంది. సీటు రెండంగుళాలు దించు. రెండు పెడళ్లూ ఒకే మట్టంలో పెట్టి లేచి నిలబడు, మోచేతులు బయటికి వంచు, నడుము సీటు వెనక్కి జరుపు. ప్రతి బ్రేకు మీదా చూపుడు వేలు ఒక్కటే ఉండాలి. మిగతా వేళ్లు హ్యాండిలు వదలకూడదు.

ర్యాంపు కింద ఒక కొబ్బరిడొక్క పెట్టి, పైనుంచి వచ్చి సరిగ్గా దాని దగ్గర ఆగడం సాధన చెయ్యి. ఆగాక వెనక్కి తిరిగి నేల చూడు. చక్రం ఈడ్చుకుపోయిన గీత కనబడితే వెనక బ్రేకు ఎక్కువ పట్టావన్నమాట. బ్రేకు పట్టగానే బరువంతా ముందుకొస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది, అందుకే అది జారుతుంది. బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకే. దాన్ని ఒక్కసారి గుంజకుండా మెల్లగా బిగిస్తూ పోవాలి. గీత పడకుండా ఆగడం వచ్చాక మలుపు నేర్చుకో. బ్రేకంతా మలుపుకి ముందే, బండి తిన్నగా ఉండగానే పట్టెయ్యి. మలుపులో వేళ్లు వదిలెయ్యి. వాలిన బండికి గులక మీద ముందు బ్రేకు పడితే చక్రం జారిపోతుంది, తమాయించుకునే వ్యవధి ఉండదు.

ఈ సాధనతో ఇంకో పని కూడా అయిపోతుంది. కొత్త డిస్కు బ్రేకులు మొదట్లో సరిగ్గా పట్టవు. ఓ మోస్తరు వేగంలో ఇరవైసార్లు నెమ్మదించి వదిలితే, చక్రం బిగుసుకోకుండా చూసుకుంటూ, డిస్కుని నొక్కి పట్టే ప్యాడు దానికి అలవాటుపడుతుంది. నీది తీగ బ్రేకే అయితే తీగ సాగుతుంది, లీవరు హ్యాండిలుకి తగిలేదాకా ఆగకు. లీవరు దగ్గరున్న చిన్న మరని బయటికి తిప్పితే బిగుస్తుంది. డిస్కుని చేత్తో తాకకు, దాని దగ్గర్లో నూనె స్ప్రే కొట్టకు. ఒక్క చుక్క పడినా ప్యాడు పీల్చేసుకుంటుంది, ఆ తరవాత బ్రేకు కీచుమంటుంది గానీ పట్టదు.

ఎక్కుడు గురించి ఎక్కువ రాయను, కాళ్లు నీకున్నాయి. గేరు మాత్రం ఎక్కుడు మొదలవ్వకముందే మార్చు. బలమంతా పెట్టి తొక్కుతూ మారిస్తే చైను తెగిపోవచ్చు.

ఇక గాలి. సైకిలు షాపువాడు చక్రం రాయిలా ఉండేదాకా కొడతాడు. తారురోడ్డుకి అది సరేగానీ అడవిలో ప్రతి రాయీ నిన్ను ఎగరేస్తుంది. నీ బరువు అరవై అయిదు కిలోలంటున్నావు గనక, ట్యూబున్న రెండుంపావు అంగుళాల టైరుకి ముందు ఇరవై ఆరు, వెనక ఇరవై తొమ్మిది పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టు. గేజి ఉన్న పంపు కొనుక్కో, వేలితో నొక్కి చెప్పలేవు. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలుగుతుంది. పక్కపక్కన రెండు చిల్లులు కనబడ్డాయంటే అదే కారణం, రెండేసి పీఎస్ఐ పెంచు. ఒక్క చిల్లే ఉంటే ముల్లు.

ముల్లంటే మన గట్ల మీద పల్లేరుకాయ, అడవిలో తుమ్మ. పల్లేరుకాయతో ఒక తంటా ఉంది. లాగితే కాయ ఊడి వస్తుంది, ముల్లు మొన మాత్రం విరిగి టైరులో ఉండిపోతుంది. కొత్త ట్యూబు వేసి గాలి కొట్టిన పది నిమిషాలకి మళ్లీ దిగిపోతుంది. టైరు లోపలంతా పాత గుడ్డతో మెల్లగా తుడు, గుడ్డ ఎక్కడ పీక్కుందో అక్కడ ముల్లుంది. దాన్ని లోపలినుంచి బయటికి తోసెయ్యాలి. ఇది ఇంటి దగ్గర రెండుసార్లు చేసి చూసుకున్నాకే బయల్దేరు. నీ ట్యూబుది సన్న వాల్వు అయితే దారిలో పంక్చరు షాపువాళ్ల పంపు పట్టదు. ఇత్తడి అడాప్టరు చిన్నది దొరుకుతుంది, అది కొని వాల్వుకే బిగించి ఉంచు.

నేల సంగతి వేరు. మన బంకమట్టి తడిసిందంటే టైరుకి చుట్టుకుని ఫోర్కులో ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు. అక్కడ ఎర్రమట్టి, గరప. తడిలో అంతగా అంటుకోదు, పొడిలో మాత్రం గోళీల్లా దొర్లుతుంది. జనవరి నుంచి టేకాకు, వెదురాకు రాలి దారిని కప్పేస్తాయి. ఆకు కింద వేరు ఉందో, నరికిన వెదురు మొదలు ఉందో తెలియదు. ఏటవాలుగా నరికిన వెదురు మొదలు కత్తే, టైరు పక్కగోడని చీల్చేస్తుంది. దానికి ప్యాచీ పనిచెయ్యదు. పాత టైరు ముక్క అరచేతిలో సగమంత కోసి వెంట ఉంచుకో. చీలిన చోట లోపలివైపు ఆనించి ట్యూబు ఎక్కిస్తే ఇంటికి చేరతావు. ఆకు పరిచిన దిగుడుని మొదటిసారి నడిచి దిగు, రెండోసారి తొక్కు. అడ్డంగా ఉన్న వేరుని నిలువునా దాటు, ఏటవాలుగా తగిలితే చక్రం దానివెంటే జారుతుంది.

రిజర్వాయరు అంచు చూడ్డానికి చదునుగా, ఎండి నెర్రెలు తీసి, రమ్మని పిలుస్తున్నట్టుంటుంది. దిగకు. నీళ్లు వెనక్కి తగ్గిన చోట పైన రెండంగుళాలే గట్టి, కింద ఒండ్రు మెత్తగా ఉంటుంది. ముందు చక్రం దిగబడగానే నువ్వు హ్యాండిలు మీదుగా ఎగిరి పడతావు. గడ్డీ చెట్లూ మొదలైన గీతకి పైనే ఉండు. మట్టికట్ట వాలు మీద, రాతి పేర్పు మీద కూడా తొక్కకండి. అది నీళ్లు కాసే కట్ట.

రిజర్వు ఫారెస్టులోకి అడుగుపెట్టేముందు రంపచోడవరంలో అటవీశాఖవాళ్లని అడిగి అనుమతి తీసుకోండి. వాళ్లు వద్దన్న దారిలో వెళ్లొద్దు. అక్కడి దారులు మన సరదా కోసం వేసినవి కావు. కొండరెడ్లు, కోయలు సంతకీ, పొలానికీ నడిచే దారులు. నెత్తిన మోపుతో మనిషి ఎదురొస్తే నువ్వే దిగి పక్కకి నిలబడు. పశువులుంటే బెల్లు కొట్టకు, ఆగి నోటితో పలకరించు. కాపరి దారి చూపిస్తాడు. మలుపుల్లో మాత్రం బెల్లు కొట్టాలి. తెల్లారేటప్పుడూ పొద్దు వాలాకా ఎలుగుబంట్లు తిరుగుతాయి, ఉలిక్కిపడితే మీదికొస్తాయి. ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్‌లో అయితే అసలు పొద్దున్నే వెళ్లకు. మూడింటికల్లా తిరుగుముఖం పట్టండి.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. వాగు నీళ్లు తాగొద్దు. సాయంత్రం నిండు చేతుల చొక్కా వేసుకో. తిరిగొచ్చాక జ్వరం వస్తే, ఏజెన్సీకి వెళ్లొచ్చానని డాక్టరుకి ముందే చెప్పి మలేరియా రక్తపరీక్ష చేయించుకో.

చైనుకి కొబ్బరినూనె వెయ్యకు. మన ఇళ్లలో అందరూ చేసే పనే అయినా, దుమ్ము పట్టి నల్లటి ముద్దవుతుంది, చలికి గడ్డకడుతుంది. సైకిలు చైను నూనె ఒక్కో లింకుకి ఒక్క చుక్క వేసి, పది నిమిషాలాగి పైన ఉన్నదంతా తుడిచెయ్యి.

సంచిలో ట్యూబులు రెండు, ప్యాచీలు, టైరు లీవర్లు రెండు, పంపు, నాలుగు అయిదు ఆరు మిల్లీమీటర్ల అలెన్ కీలు, నీ గేర్ల సంఖ్యకి సరిపడే చైను జాయింటు లింకు ఒకటి. వీటికంటే ముఖ్యమైనది డిరైలర్ హ్యాంగరు. వెనక గేరు యంత్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క అది. బండి కుడివైపు పడితే ముందు వంగేది అదే. ఫ్రేము పాడవకుండా వంగేలాగే దాన్ని చేస్తారు. వంగిందని గమనించకుండా పెద్ద పళ్లచక్రానికి గేరు వేశావా, యంత్రం స్పోకుల్లోకి పోయి చక్రంతో సహా ముక్కలవుతుంది. పడ్డ ప్రతిసారీ లేచి వెనకనుంచి చూడు. గేరు యంత్రంలోని రెండు చిన్న పళ్లచక్రాలూ పైనున్న పళ్లచక్రంతో ఒకే నిలువులో ఉండాలి.

ఈ ముక్క ఒక్కో మోడల్‌కీ ఒక్కో ఆకారం, రంపచోడవరంలో వెతికితే దొరకదు. నీ బండి వెనక చక్రం తీసి ఆ ముక్కని రెండువైపులా ఫోటో తీసి, మోడల్ పేరుతో ఈ వారంలోనే పంపు. రాజమండ్రిలో అడిగి, లేకపోతే తెప్పించి ఉంచుతాను. వెళ్లేటప్పుడు ఇంటికొచ్చి తీసుకెళ్లు.

ఇట్లు,
మావయ్య